పార్సీగుట్ట నుంచి మొదలుపెట్టి లెక్కేద్దాం

హైదరాబాద్‌లో పార్సీగుట్టకు ఆటో మాట్లాడుకునేవాళ్లలో ఆ పేరు ఎందుకొచ్చిందో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే. అక్కడ పార్సీల, అంటే ఎప్పుడో పర్షియా నుంచి వలస వచ్చిన జొరాస్ట్రియన్ మతస్తుల దఖ్మా ఉంది, అంటే చనిపోయినవాళ్లను రాబందులకు వదిలేసే కట్టడం. ఇప్పుడు రాబందులు లేవు, పార్సీలూ వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే, పేరు మాత్రం బస్సు బోర్డు మీద మిగిలింది. దేశం మొత్తం మీద 1941లో లక్షా 14 వేలమంది ఉన్నవాళ్లు 2011 జనగణన నాటికి 57,264కు దిగారు. డబ్బు లేకనా, చదువు లేకనా? రెండూ దండిగా ఉన్నవాళ్లే. లేటు పెళ్లిళ్లు, అసలు పెళ్లే చేసుకోనివాళ్లు చాలామంది, చేసుకున్నా ఒక్కరితో సరి, వీటన్నిటి పైన బయటివాణ్ని పెళ్లాడిన ఆడపిల్లకు పుట్టినవాళ్లను తమవాళ్లుగా లెక్కపెట్టని కట్టుబాటు. పిల్లల్ని కనండి బాబూ అని 2013లో కేంద్రం 'జియో పార్సీ' అని ఒక పథకమే పెట్టాల్సి వచ్చింది.

మతానికీ జనాభాకీ సంబంధమే లేదనేవాళ్లకు నా జవాబు ఇది. సంబంధం ఉంది. కాకపోతే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వుల మధ్య వచ్చిపడే సంబంధం కాదు. "ఇంకో ఇరవై ఏళ్లలో మన దేశంలో మనమే మైనారిటీ" అని ఎవరో ఫార్వర్డ్ చేస్తారు, కింద నలుగురు దండాలు పెడతారు. ఈ భయం మన సెల్‌ఫోన్లకంటే చాలా పాతది. 1909లోనే కలకత్తాలో యు.ఎన్. ముఖర్జీ అనే ఆయన హిందువులు అంతరించిపోతున్న జాతి అని పత్రికలో వరసగా రాశాడు. నూట పదిహేనేళ్లు దాటాయి, ఆ ఇరవై ఏళ్ల గడువు ఇంకా ముందుకు జరుగుతూనే ఉంది.

దాచాల్సిన అంకెలేం లేవు. 1951లో దేశ జనాభాలో ముస్లింలు 9.8 శాతం, 2011లో 14.2 శాతం. పెరిగారు. ఎందుకు పెరిగారో, ఇకముందు ఎంత పెరుగుతారో చూడాలంటే ఒక్కో స్త్రీకి సగటున ఎంతమంది పుడుతున్నారో చూడాలి. 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ముస్లిం స్త్రీకి 4.4, హిందూ స్త్రీకి 3.3. 2019-21 సర్వేకి వచ్చేసరికి 2.36, 1.94. ఒకటి పైచిలుకు ఉన్న తేడా అరకంటే తక్కువకు వచ్చింది, ఈ ముప్పై ఏళ్లలో ఎక్కువగా తగ్గింది ముస్లిం కుటుంబాల్లోనే. అయినా వాళ్ల శాతం ఇంకొన్నాళ్లు కాస్త పెరగొచ్చు, ఎందుకంటే వాళ్లలో వయసులో ఉన్నవాళ్లు ఎక్కువ. మోటారు ఆపేసినా పైపులో ఉన్న నీళ్లు కాసేపు వస్తూనే ఉంటాయి కదా, అలాగన్నమాట.

మొన్నామధ్య మా చెల్లెలు రెండో కాన్పుకు ఒక సర్కారు దవాఖానలో చేరితే మూడు రోజులు తోడున్నాను. నర్సు ఫైలు చూసి, "రెండోదే కదమ్మా, ఆపరేషన్ కూడా చేసేస్తారు, ఇక్కడ సంతకం పెట్టు" అంది. మా చెల్లెలు మారు మాట్లాడకుండా పెట్టింది. ఇరవై ఏడేళ్లు దానికి. మా ఇళ్లలో ఇది అడిగే విషయమే కాదు, మా అమ్మా అంతే, మా పిన్నులూ అంతే. పక్క మంచం మీద పాతబస్తీ యాకుత్‌పురా నుంచి వచ్చిన ముస్లిం అమ్మాయి, మూడో కాన్పు. నర్సు అదే మాట అడిగితే అత్తగారు అడ్డంపడి "ఆపరేషన్ మాలో వద్దు" అనేసింది. ఆవిడ చాయ్ కోసం కిందికి దిగిందో లేదో ఈ పిల్ల సగం ఉర్దూలో సగం తెలుగులో, "సిస్టర్, కాపర్ టీ వేస్తారా?" అని అడిగింది. "ఇంటాయనకు చెప్పావా?" అంటే, "చెప్తా, ముందు వేయండి" అంది. సాయంత్రం మాటల్లో నాతో అన్నది, వాళ్లమ్మకు వీళ్లు ఏడుగురు, తనకు మూడుతో చాలు, పెద్దదాన్ని ఇంగ్లిష్ మీడియంలో వేశారు, ఆ ఒక్కదాని ఫీజుకే ఆయన ఓవర్‌టైమ్ చేస్తున్నాడని.

మతం పనిచేసే చోటు ఇదిగో, ఆ రెండు మంచాల మధ్య. తెలుగు రాష్ట్రాల్లో జననాల రేటు పడిపోయింది ప్రధానంగా ఆడవాళ్ల ఆపరేషన్లతోనే. 'చిన్న కుటుంబం, చింత లేని కుటుంబం' అని గోడల మీద రాసిన రోజుల నుంచి ఇద్దరు పుట్టగానే, పాతికేళ్లకు అటూఇటూగా ఆడమనిషికి కోత పెట్టి కథ ముగించేశాం. మగవాడి ఆపరేషన్ ఊసే లేదు, అది వేరే వ్యాసం. ఇస్లాంలో చాలామంది మతపెద్దలు శాశ్వతంగా ఆపేసే పద్ధతిని ఒప్పుకోరు, తాత్కాలిక పద్ధతుల మీద అంత పట్టింపు లేదు. అందుకే సర్వేల్లో ముస్లిం స్త్రీలలో ఆపరేషన్లు తక్కువ, మాత్రలూ కాపర్ టీలూ నిరోధ్‌లూ ఎక్కువ. ఆపరేషన్ అయితే ఫుల్‌స్టాప్, ఇవి కామాలు, మధ్యలో ఎక్కడో ఒకటి జారుతుంది. సగటులో ఉన్న ఆ తేడాలో కొంత ఈ జారినవాళ్లదే. కుట్ర ఏమీ లేదు, స్టాక్ అయిపోయిన మాత్రలు ఉన్నాయి.

ఇంకోటి ఉంది, దీన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయరు. 2011లో ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు హిందువుల్లో 913, ముస్లింలలో 943, క్రైస్తవుల్లో 958, సిక్కుల్లో 828. అంటే స్కానింగ్ సెంటర్లో ఆడపిల్లని తెలిసి తీయించేసే పాపం ముస్లిం ఇళ్లలో తక్కువ. పసిబిడ్డల మరణాలు కూడా, మొత్తంగా చూస్తే పేదలే అయినా, వాళ్లలో తక్కువగా నమోదవుతూ వచ్చాయి, ఎందుకో పరిశోధకులకే చాలాకాలం అంతుపట్టలేదు. ఒక వర్గం జనాభా పెరుగుదలలో కొంత భాగం ఆడపిల్లను బతకనివ్వడం వల్ల వచ్చిందైతే, మనం ఎవరి మీద పడి ఏడవాలి?

నలుగురు పెళ్లాల సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. ఒకాయన నలుగురిని చేసుకుంటే ముగ్గురు మగవాళ్లకు పెళ్లి కాదు, ఆడవాళ్ల సంఖ్య మారదు, పుట్టే పిల్లల సంఖ్యా పెరగదు. 2019-21 సర్వేలో భర్తకు ఇంకో భార్య ఉందని చెప్పినవాళ్లు ముస్లింలలో 1.9 శాతం, హిందువుల్లో 1.3 శాతం.

అసలు మతం కంటే ఊరు గట్టిది. అదే సర్వేలో ఒక్కో స్త్రీకి పుట్టే పిల్లల లెక్కలో బిహార్ సగటు 3, ముస్లింలే ఎక్కువగా ఉన్న జమ్మూ కశ్మీర్‌ది 1.4, మన తెలంగాణది 1.8. అస్సలు బడికి వెళ్లని స్త్రీకి సగటున 2.8 మంది పిల్లలు, పన్నెండేళ్లో అంతకంటే ఎక్కువో చదివితే 1.8. ముల్లాల పాలనలోని ఇరాన్ 1980ల మొదట్లో ఆరు దాటి ఉన్నది 2000 నాటికి రెండుకు దిగింది, పెళ్లికి ముందే జంటలకు కుటుంబ నియంత్రణ క్లాసు తప్పనిసరి చేశారు మరి. పోప్ ఉండే వాటికన్ చుట్టూ ఉన్నది ఇటలీ, అక్కడ 1.2 కంటే తక్కువే. దీనికి ఎదురు ఉదాహరణా ఉంది. ఇజ్రాయెల్‌లో అతి ఛాందస యూదుల ఇళ్లలో ఇప్పటికీ ఆరుగురి పైనే. ఆ ఇళ్ల మీద మతం పట్టు అంత గట్టిగా ఉంది, దానికి ప్రభుత్వ సాయం కూడా తోడైంది.

తెలంగాణ అంకె కూడా చెప్పాలి. 2011లో ఈ ప్రాంతంలో ముస్లింలు 12.7 శాతం. 2024 చివర్లో ఇంటింటికీ తిరిగి చేసిన కులగణనలో, బీసీ ముస్లింలూ ఓసీ ముస్లింలూ కలిపి 12.56 శాతం. హైదరాబాద్‌లో చాలా ఇళ్లు తలుపు తీయలేదు కాబట్టి దీన్ని జనగణనతో సమానంగా పట్టుకోను. కానీ పదమూడేళ్లలో మనం మునిగిపోయే వరద ఏదీ అందులో కనపడలేదు.

వింత ఏమిటంటే, ఎక్కువమంది పుడుతున్నారని ఏడ్చేవాళ్లూ తక్కువమంది పుడుతున్నారని ఏడ్చేవాళ్లూ ఒకే గ్రూపులో ఉన్నారు. ఇద్దరికి మించి ఉంటే సర్పంచ్‌గా నిలబడకూడదని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1994లో చట్టం చేసింది. 2024 అక్టోబర్‌లో చంద్రబాబు ఎక్కువమందిని కనండి అన్నాడు, నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఆ నిబంధన తీసేసింది. ముసలివాళ్లు పెరుగుతున్నారన్న దిగులు నిజమే, నియోజకవర్గాల పునర్విభజనలో దక్షిణాది సీట్ల వాటా తగ్గుతుందన్న టెన్షనూ నిజమే. కానీ కనమంటే కంటారా? మా చెల్లెల్ని ఇంకొకర్ని కనమని ఏ ముఖ్యమంత్రి చెప్పినా, నర్సు చెప్పినచోట సంతకం అయిపోయింది. యాకుత్‌పురా అమ్మాయికి ఇంకో బిడ్డ కావాలంటే కాపర్ టీ తీయించుకోవచ్చు, దానికి ఇంగ్లిష్ మీడియం ఫీజు అడ్డం.

2021లో జరగాల్సిన జనగణన 2027లో చేస్తామన్నారు. ఎన్యూమరేటర్ మతం అడుగుతాడు, చదువు అడుగుతాడు, ఎంతమంది పిల్లలు పుట్టారని పెళ్లయిన ఆడవాళ్లను అడుగుతాడు. పోయినసారి మతాల లెక్క 2015 ఆగస్టులో వచ్చినప్పుడు టీవీల్లో వారం రోజులు అదే గోల. ఈసారి పట్టికలు బయటికొచ్చిన రోజు నేను తల్లి చదువును బట్టి పిల్లల సంఖ్య ఉన్న పట్టిక తెరుస్తాను. మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు ఏది తెరుస్తారో గ్రూపులో మెసేజ్ వచ్చేస్తుంది లెండి, పువ్వులతో సహా.