హుస్సేన్‌కు మనం పెట్టిన పొగ

పొమ్మనలేక పొగబెట్టడం అంటారే, చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ విషయంలో జరిగింది అదే. దేశం వదిలి వెళ్లమని ఏ ప్రభుత్వమూ ఉత్తర్వు ఇవ్వలేదు, ఏ కోర్టూ శిక్ష వేయలేదు. అయినా 2006లో వెళ్లిన మనిషి మళ్లీ రాలేదు. 2011 జూన్ 9న లండన్‌లో కన్నుమూశారు. ఆయన సమాధి కూడా ఇంగ్లండ్‌లోనే ఉంది.

హైదరాబాద్‌కు ఈ కథలో పెద్ద వాటా ఉంది. టాటా, బిర్లాల డ్రాయింగ్ రూముల కోసం బొమ్మలు వేసింది చాలు, జనం గుండెల్లో ఉన్న రామాయణం గీయమని ఆయనకు చెప్పింది సోషలిస్టు నేత రామ్‌మనోహర్ లోహియా. అందుకు చోటు, ఆసరా ఇచ్చింది హైదరాబాద్ సోషలిస్టు బద్రీ విశాల్ పిత్తీ. అలా ఏళ్ల తరబడి సుమారు 150 కాన్వాసులు గీశారు. వాల్మీకి రామాయణం, తులసీదాసు రామాయణం రెండూ చదివానని, కాశీ పండితులను పిలిపించుకుని చర్చించానని ఆయనే ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. హిందూ దేవతలను అవమానించాడన్న ముద్ర పడింది ఈ మనిషి మీదే. ఆయన వేసిన దేవతల నగ్న బొమ్మలు చూసి నిజంగా నొచ్చుకున్నవాళ్లు ఉన్నారు, కాదనను. నొచ్చుకోవచ్చు, విమర్శించవచ్చు. జరిగింది అంతటితో ఆగలేదు.

1970ల్లో గీసిన ఆ దేవతల బొమ్మలను 1996లో ఒక హిందీ పత్రిక బయటికి తీసింది. అప్పటిదాకా లేని గొడవ అప్పుడు మొదలైంది. 1998లో ముంబైలో ఆయన ఇంటి మీద దాడి జరిగింది. 2006లో దేశపటం ఆకారంలో గీసిన నగ్న స్త్రీ బొమ్మ వేలం ప్రకటనలో 'భారతమాత' పేరుతో వచ్చింది. ఆ పేరు తాను పెట్టలేదన్నారు, క్షమాపణ కూడా చెప్పారు. అయినా ఊరూరా కేసులు పడ్డాయి. మన చట్టంలో ఇలాంటి ఫిర్యాదు దేశంలో ఏ మూలైనా వేయొచ్చు. 90 ఏళ్ల మనిషి అన్ని ఊళ్ల కోర్టుల చుట్టూ తిరగాలంటే, తీర్పు రాకముందే శిక్ష మొదలైనట్టే. నా దృష్టిలో ఆయన్ను వెళ్లగొట్టింది ఈ పద్ధతే.

2008 మే 8న ఢిల్లీ హైకోర్టులో జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ ఆ 'భారతమాత' బొమ్మపై కేసులు కొట్టేశారు. 90 ఏళ్ల చిత్రకారుడు తన ఇంట్లో కూర్చుని బొమ్మ వేసుకోవాలని తీర్పులో రాశారు. మూడు నెలలకే, ఢిల్లీలో జరిగిన ఆర్ట్ సమ్మిట్‌లో గొడవ భయంతో ఆయన బొమ్మ ఒక్కటీ పెట్టలేదు. దానికి నిరసనగా కళాకారుల సంస్థ సహ్మత్ విడిగా పెట్టిన ప్రదర్శనపై దాడి చేశారు. కోర్టులో గెలిచినా గోడ మీద బొమ్మ పెట్టే ధైర్యం ఎవరికీ లేకపోతే, ఆయన ఏ నమ్మకంతో తిరిగి వస్తారు?

2010లో ఖతార్ పౌరసత్వం తీసుకున్నారు. రెండు పౌరసత్వాలు మన రాజ్యాంగం ఒప్పుకోదు కాబట్టి భారత పాస్‌పోర్టు వదులుకున్నారు. స్వేచ్ఛ కోసం రాజరికానికి వెళ్లాడా అని చాలామంది ఎత్తిపొడిచారు. రాజరికంలో భావస్వేచ్ఛ లేదన్నది నిజమే. కానీ 94 ఏళ్ల వయసులో ఆయనకు కావాల్సింది టెన్షన్ లేకుండా బ్రష్ పట్టుకునే రోజులు. అవి ఇక్కడ దొరకలేదు.

నన్ను అన్నిటికంటే కదిలించేది, పరాయి నేల మీద ఆయన ఏం గీశారన్నది. ఖతార్ రాజధాని దోహాలో అరబ్ నాగరికత మీద బొమ్మలు వేశారు. లండన్‌లో మాత్రం భారతదేశ చరిత్ర గీయడానికే కూర్చున్నారు. దాదాపు వంద బొమ్మలు వేయాలని అనుకున్నారు. చనిపోయేనాటికి, ఒక్కోటి మూడు భాగాలుగా ఉండే 8 పెద్ద చిత్రాలు పూర్తయ్యాయి. 2014లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వాటిని ప్రదర్శించింది. వాటిలో ఒకదాంట్లో మూడు ఇళ్లు ఉంటాయి. ముస్లిం ఇల్లు, హిందూ ఇల్లు, సిక్కు ఇల్లు, పక్కపక్కనే.