సవరణ: సిటీ కాలేజీ కాల్పులు 1952లో

పోయిన వారం రాసినదాంట్లో, ఇంట్లో నేర్చిన రాజకీయమే మనిషికి చివరిదాకా ఉంటుందన్నాను. మా తాత కళ్లారా చూసిన హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గరి పోలీసు కాల్పులు 1969లో జరిగాయనీ రాశాను. రెండూ సరిచేస్తున్నాను.

కాల్పులు జరిగింది 1952 సెప్టెంబరులో, ఉద్యోగాలు ముల్కీలకే (స్థానికులకే) ఇవ్వాలన్న ముల్కీ ఉద్యమంలో. 1969లో ప్రత్యేక తెలంగాణ కోసం రోడ్డెక్కింది నాన్న. చిన్నప్పటి నుంచి రెండు కథలూ రాత్రి అన్నాల దగ్గర కలిపి వినడంతో నా తలలో ఒకటైపోయాయి.

ఇక మొదటి మాట. అమెరికాలో 1965లో జెన్నింగ్స్, నీమీ అనే రాజనీతి పరిశోధకులు హైస్కూలు పిల్లల్నీ వాళ్ల తల్లిదండ్రుల్నీ అడిగి చూశారు. పార్టీ అభిమానం బాగానే కలిసింది, మిగతా అభిప్రాయాలు అంతగా కలవలేదు. మా ఇంట్లోనూ అంతే. తెలంగాణ మీద ప్రేమ నాన్న ఇచ్చిందే. రిజర్వేషన్ల విషయంలో మాత్రం ఆయనతో ఇప్పటికీ గట్టిగా వాదిస్తాను.