మారిషస్ మీద మీడ్ లెక్క ఎక్కడ తప్పింది?

ఆర్థికవేత్తల జోస్యాలు తప్పిన కథలు చెప్పుకునేటప్పుడు మారిషస్ పేరు రాక మానదు. బ్రిటిష్ ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ 1960లో ఆ దీవికి వెళ్లి, మర్నాటి ఏడాది ఇచ్చిన నివేదికలో అక్కడ అభివృద్ధి ప్రశాంతంగా సాగే సూచనలు పెద్దగా లేవని తేల్చేశాడు. కానీ ఆ దీవి తర్వాత బాగుపడింది. 1977లో ఆయనకు నోబెల్ కూడా వచ్చింది. అంతటి పెద్దాయన బోల్తా పడ్డాడు చూశారా అని వెటకారం చేయడం ఇప్పుడు అందరికీ అలవాటైంది కానీ, అది పూర్తి న్యాయం కాదు.

ఆయన వెళ్లేనాటికి అక్కడున్నది సుమారు రెండు వేల చదరపు కిలోమీటర్ల నేల, ఆరున్నర లక్షల జనం, ఎగుమతులంటే దాదాపు మొత్తం చక్కెరే. కోరంగి రేవులో ఓడెక్కిన మనవాళ్లతో సహా లక్షల మంది భారతీయులు కూలికి వెళ్లింది ఆ చెరుకు తోటల్లోకే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మలేరియాను అదుపు చేయడంతో చావులు తగ్గాయి, పుట్టుకలు మాత్రం తగ్గలేదు, జనాభా ఏటా 3 శాతం దాకా పెరుగుతూ పోయింది. ఇక చెరుకు తోట ఎంతమందికని పని చూపిస్తుంది? ఆ భయం నిజమైనదే. పైగా ఆయన చేతులెత్తేసి రాలేదు, ఎక్కువ మందికి పని దొరికే పరిశ్రమలు పెట్టమన్నాడు, కుటుంబ నియంత్రణ కావాలన్నాడు.

1968లో స్వాతంత్ర్యం వచ్చింది, 1970లో ఎగుమతి పరిశ్రమలకు పన్ను రాయితీలిస్తూ చట్టం చేశారు. బట్టల ఎగుమతులపై కోటాలు బిగుసుకున్న హాంకాంగ్ కంపెనీలకు, ఐరోపాలోకి సుంకం లేకుండా సరుకు పంపగలిగే ఈ దీవి బాగా పనికొచ్చింది. ఐరోపా దేశాలు ఆఫ్రికా తదితర దేశాలతో 1975లో చేసుకున్న లోమే వాణిజ్య ఒప్పందంతో చక్కెరకు ఐరోపాలో గ్యారంటీ ధర దొరికింది, తోటల యజమానులు ఆ లాభాల్లో కొంత ఫ్యాక్టరీల్లో పెట్టారు. 1961లో కూర్చుని ఇవన్నీ ఊహించలేదని ఎవరినైనా ఎలా తప్పుపడతాం?

నాకు అసలు లోపం కనిపించేది ఆడవాళ్ల దగ్గర. అరవైల మొదట్లో సగటున ఒక్కొక్కరికి ఆరుగురు పిల్లలు, డెబ్బైల మధ్యకల్లా అది మూడుకు దగ్గరైంది, అంటే ఒక్క తరం కూడా పట్టలేదు. ఫ్యాక్టరీలు పూర్తిగా ఊపందుకోకముందే ఇది జరిగింది కాబట్టి ఘనతంతా వాటికి కట్టబెట్టలేం, ఆడపిల్లల చదువూ కుటుంబ నియంత్రణ కేంద్రాలూ ముందే పని మొదలుపెట్టాయి. తర్వాత బట్టల ఫ్యాక్టరీల్లో చేరిందీ ఎక్కువగా వాళ్లే, అదీ ఎనభైల మధ్య దాకా మగవాళ్లకన్నా తక్కువ కనీస వేతనానికి. మారిషస్ అద్భుతం అని రాసేవాళ్లు ఈ ముక్క దగ్గర తెలివిగా పక్కకు తప్పుకుంటారు.

ఇప్పుడు టెన్షన్ తిరగబడింది. జనాభా పన్నెండున్నర లక్షల దగ్గర ఆగిపోయింది, సగటు సంతానం ఒకటిన్నర కూడా లేదు, ఫ్యాక్టరీల్లో పనికి బంగ్లాదేశ్ నుంచి, మన దేశం నుంచి మనుషుల్ని తెచ్చుకుంటున్నారు. 60 ఏళ్లకే అందరికీ ఇచ్చే పింఛను వయసును దశలవారీగా 65కి పెంచుతామని 2025 బడ్జెట్‌లో అంటే జనం రోడ్డెక్కారు. ఇక్కడ ఆంధ్రలోనూ 2024లో స్థానిక ఎన్నికలకు ఇద్దరు పిల్లల నిబంధన ఎత్తేసి, ఇంకా కనమంటున్నారు. ఆడవాళ్లు తమ లెక్కలు తామే వేసుకుంటారన్న సంగతి అప్పుడు మీడ్ నివేదికకు పట్టలేదు, ఇప్పుడు ఈ పిలుపులిచ్చే నాయకులకూ పట్టినట్టు లేదు.