తెర మీది చీకటిని ఎంత నమ్మాలి?

వెంటిలేటర్ మీద ఉన్న మనిషి ఛాతీ లేస్తూ పడుతూ ఉంటుంది. చెయ్యి పట్టుకుంటే వెచ్చగా తగులుతుంది. ఆ మనిషి చనిపోయాడని డాక్టరు చెబితే నమ్మడం ఎవరి తరం? అందుకే ఐసీయూ బయట నిలబడ్డవారు ముందుగా అడిగేది 'స్కానింగ్ తీశారా?' అనే. అడగడంలో తప్పు లేదు. స్కానింగ్ చెబితే ఇక తిరుగులేదనుకోవడంతోనే చిక్కు.

మెదడు మరణాన్ని, అంటే బ్రెయిన్ డెత్‌ను, తేల్చేది ప్రధానంగా మంచం పక్కన జరిగే పరీక్ష. టార్చి వెలుగు పడినా కంటిపాప ముడుచుకోదు. నల్లగుడ్డును దూదితో తాకినా రెప్ప కదలదు. శ్వాసనాళంలోకి సన్నని గొట్టం దించినా దగ్గు రాదు. చివరగా వెంటిలేటర్ ఆపి, ఆక్సిజన్ మాత్రం అందిస్తూ కనిపెట్టుకుని ఉంటారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పీడనం 60 మిల్లీమీటర్లకు (పాదరసం) చేరి, మొదటి స్థాయి కంటే 20 పెరిగినా ఒక్క శ్వాస కూడా రాకపోతే శ్వాసను నడిపే మెదడు కాండం పని ఆగిపోయిందని అర్థం. ముఖానికి తీవ్ర గాయాలైనా, ఈ శ్వాస పరీక్షను తట్టుకునే స్థితిలో ఊపిరితిత్తులు లేకపోయినా, మత్తుమందుల ప్రభావం పోయిందో లేదో తేలకపోయినా అప్పుడు స్కానింగ్ వంతు వస్తుంది.

అయితే స్కానింగ్ చూసేది మెదడు పనిని కాదు, రక్తప్రవాహాన్ని. మెదడు వాచి పుర్రెలో ఒత్తిడి రక్తపోటును మించితే రక్తం లోపలికి వెళ్లలేదన్నది దీని వెనకున్న తర్కం. వాపు తగ్గించడానికి పుర్రె ఎముక తీసేసిన రోగిలో ఆ ఒత్తిడికి దారి దొరుకుతుంది. మెదడు పని పూర్తిగా పోయినా రక్తం కొంత పారుతూనే ఉండవచ్చు. దీనికి ఎదురు చిక్కు కూడా ఉంది. సాధారణంగా ప్రతి 100 గ్రాముల మెదడుకు నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. అది 20 దరిదాపులకు పడితే పని ఆగుతుంది, 10 కంటే కిందికి జారితే కణాలు చనిపోతాయి. నడుమ ఉన్న ఆ సన్నని ధారను ప్రతి యంత్రమూ పట్టుకుంటుందన్న హామీ లేదు.

అన్నిటికంటే సులువైన సీటీ యాంజియోగ్రఫీ (రక్తనాళాలు తెల్లగా కనిపించేలా నరంలోకి మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్) మీదే వివాదం ఎక్కువ. నెత్తి చర్మపు ధమనులు తెల్లగా మెరుస్తూ, పుర్రె లోపల చీకటిగా కనిపిస్తే రక్తం ఆగిందంటారు. ఆ నెత్తి ధమని మెరవకపోతే అసలు మందే అక్కడికి చేరలేదేమో! మంచం పక్క పరీక్షలో మరణం తేలిన 100 మందిలో సుమారు 15 మందికి ఈ స్కానింగ్‌లో ఇంకా రక్తం కనిపిస్తుందని 2014లో కోక్రేన్ సమీక్ష (అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసే సమీక్ష) లెక్కగట్టింది. ఆ పొరపాటు వల్ల జరిగేది ఆలస్యమే. బతికున్నవారిని పోయినవారిగా చూపే పొరపాటు ఎంతన్నది మాత్రం ఆ అధ్యయనాలు చెప్పలేకపోయాయి, ఎందుకంటే అవి పరీక్షించింది ఎక్కువగా మరణం ముందే తేలినవారినే. మనం భయపడవలసింది ఈ రెండో పొరపాటుకే కదా.

2020లో అంతర్జాతీయ నిపుణుల బృందం, 2023లో అమెరికా మార్గదర్శకాలు సీటీ యాంజియోను ఇందుకు వద్దన్నాయి. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాలుగు ధమనుల్లోకి గొట్టం ద్వారా మందు పంపే యాంజియోగ్రఫీ, స్వల్ప రేడియోధార్మిక పదార్థంతో తీసే రేడియో ఐసోటోపు స్కానింగ్, పెద్దవాళ్లకైతే శబ్ద తరంగాలతో రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ చాలన్నాయి. ఫ్రాన్స్ మాత్రం సీటీ యాంజియోను వాడుతోంది. ఒకే చిత్రానికి ఒకచోట ఉన్న విలువ మరోచోట లేదు. ఆధారాలు బలపడేదాకా ఆ ఒక్క చిత్రాన్ని నమ్ముకుని మరణాన్ని ప్రకటించరాదన్నదే మా అభిప్రాయం. తొందర అవయవదానం కోసమైనా సరే. దానం మీద ప్రజల నమ్మకం నిలవాలంటే ఈ జాగ్రత్త తప్పదు.

ఏ స్కానింగ్ చేసినా ఆ సమయంలో రక్తపోటు ఎంత ఉందో, మందు ఎక్కించాక ఎన్ని సెకన్లకు చిత్రం తీశారో, నెత్తి ధమని మెరిసిందో లేదో రిపోర్టులో ఉండాలి. శ్వాస పరీక్ష ఎందుకు చేయలేకపోయారో బంధువులకు కూర్చోబెట్టి చెప్పాలి. ఇప్పుడు చాలామంది చేతికి అందేది 'రక్తప్రసరణ లేదు' అన్న ఒక్క వాక్యం.