ఒక్క స్టార్‌తో అన్నీ కవరైపోవు

"*.ఎగ్జాంపుల్.కామ్ అని ఒక్క లైన్ రాసి పడేయండి, మెయిన్ డొమైనూ సబ్‌డొమైన్లూ అన్నీ వచ్చేస్తాయి. ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఇదే రూలు. డొమైన్ మనదే కాబట్టి భయం లేదు." డెవలపర్ల గ్రూపుల్లో చేతులు మారుతున్న సలహా ఇది. ఇందులో నిలబడే ముక్క ఒక్కటీ లేదు.

ముందు మెయిన్ డొమైన్. సైట్ అసలుదేనని బ్రౌజర్‌కి చూపే హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్‌లో స్టార్ (*) పేరు ఒక్కటే ఉంటే, ఉత్త ఎగ్జాంపుల్.కామ్ తెరిచినవాళ్లకి బ్రౌజర్ ఎర్రర్ చూపిస్తుంది. అందుకే రెండు పేర్లూ పెట్టి సర్టిఫికెట్ తీసుకుంటారు. పేజీ ఏయే సైట్ల నుంచి స్క్రిప్టులూ బొమ్మలూ తెచ్చుకోవచ్చో చెప్పే సీఎస్‌పీలోనూ స్టార్ మెయిన్ డొమైన్‌ని కలుపుకోదు. క్రోమ్ ఎక్స్‌టెన్షన్ ఏ సైట్లలో నడవాలో రాసేచోట మాత్రం కలుపుకుంటుంది! అన్నిచోట్లా ఒకటే రూలన్న మాట ఇక్కడితోనే సరి.

సబ్‌డొమైన్లన్నీ వస్తాయా? సర్టిఫికెట్‌లో స్టార్ ఒక్క మెట్టుకే పనికొస్తుంది. ఏపీఐ.ఎగ్జాంపుల్.కామ్ నడుస్తుంది, టెస్ట్.ఏపీఐ.ఎగ్జాంపుల్.కామ్ నడవదు. వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎన్‌జిన్‌ఎక్స్‌లోని సర్వర్ నేమ్ సెట్టింగ్‌లోనేమో ఎన్ని మెట్లైనా చెల్లుతాయి. దాంతో సర్వర్ కాన్ఫిగ్ సరిగ్గానే ఉంటుంది, సర్టిఫికెట్ దగ్గర ఆగిపోయి సైట్ మాత్రం తెరుచుకోదు. మనవాళ్లు లాగ్స్ తవ్వుతూ కూర్చుంటారు.

అసలు తలనొప్పి కార్స్‌తో, అంటే మన సర్వర్ జవాబుని వేరే సైట్ పేజీ చదవొచ్చో లేదో బ్రౌజర్‌కి చెప్పే పద్ధతితో. యాక్సెస్-కంట్రోల్-అలౌ-ఆరిజిన్ హెడర్‌లో ఉత్త స్టార్ పెట్టొచ్చు, లేదా ఒక పూర్తి ఆరిజిన్ (ప్రోటోకాల్‌తో సహా సైట్ అడ్రస్) రాయొచ్చు. సగం అడ్రస్, సగం స్టార్ అక్కడ కుదరదు. కుకీలు పంపే రిక్వెస్టులకి ఉత్త స్టార్ కూడా చెల్లదు. అందుకని రిక్వెస్టుతో వచ్చిన ఆరిజిన్‌ని కోడ్‌లో చెక్ చేసి, అదే తిరిగి హెడర్‌లో పెడతారు. పద్ధతి మంచిదే. కానీ చివర ఎగ్జాంపుల్.కామ్ ఉందా అని మాత్రమే చూస్తే, ఎవరో కొనుక్కున్న దొంగఎగ్జాంపుల్.కామ్ కూడా దర్జాగా లోపలికొస్తుంది. ముందున్న చుక్కతో కలిపి పోల్చాలి. రెజెక్స్ (అక్షరాల్ని పోల్చే నమూనా) రాస్తే ఆ చుక్కకి ముందు బ్యాక్‌స్లాష్ ఉండాలి, లేకపోతే అది ఏ అక్షరానికైనా సరిపోతుంది.

ఇక "డొమైన్ మనదే" అన్న ధీమా. ఎప్పుడో మూసేసిన క్లౌడ్ సర్వీస్ వైపు మీ సబ్‌డొమైన్‌ని ఇంకో పేరుకి కలిపే పాత సీనేమ్ రికార్డ్ ఇంకా చూస్తూ ఉందనుకోండి. కొన్ని సర్వీసుల్లో ఆ పేరు మళ్లీ ఎవరైనా తీసుకోవచ్చు. తీసుకున్నవాడి చేతికి మీ సబ్‌డొమైన్ వెళ్తుంది, మీ స్టార్ వాడినీ నమ్ముతుంది. మన ఖాతా యాక్సెస్‌ని వేరే యాప్‌కి ఇచ్చే ఓఆత్‌లో, అనుమతి అయ్యాక వెనక్కి పంపే రీడైరెక్ట్ అడ్రస్‌కి స్టార్ వద్దనేది ఇందుకే. 2025లో వచ్చిన ఓఆత్ భద్రతా పత్రం ఆర్ఎఫ్‌సీ 9700, ఆ అడ్రస్ ముందే నమోదు చేసినదానితో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలంటుంది. మినహాయింపు నేటివ్ యాప్‌ల (పరికరంలో ఇన్‌స్టాల్ చేసేవి) లోకల్‌హోస్ట్ అడ్రస్‌లో, అంటే ఆ పరికరం సొంత అడ్రస్‌లో, పోర్ట్ నంబర్‌కి మాత్రమే.