పేరయ్యగారి నైట్ షిఫ్టు

పెళ్లికి పేరయ్య ఉన్నాడు, పొలానికి బ్రోకరు ఉన్నాడు. ఒక్క ఉద్యోగానికి మాత్రం మనిషి తనే వెళ్లి తన గురించి చెప్పుకోవాలట! ఈ అనాగరికాన్ని తెలుగువాళ్లం ఎప్పుడో వదిలించుకున్నాం. అబ్బాయి డల్లాస్‌లో, ఏజెంటు అమీర్‌పేటలో. సాయంత్రం టీ తాగి కూర్చున్నాడంటే తెల్లవారేదాకా వెండార్లకు, అంటే కంపెనీలకు మనుషుల్ని సరఫరా చేసే మధ్యవర్తులకు, హాట్‌లిస్టులు, అంటే ఖాళీగా ఉన్న అబ్బాయిల జాబితాలు, పంపుతూనే ఉంటాడు. ఈ విద్య పేరు బెంచ్ సేల్స్.

మా అక్క కొడుకు ఎంఎస్ అయి ఓపీటీలో ఉన్నాడు, అంటే చదువయ్యాక అమెరికాలో కొన్నాళ్లు పని చేసుకోనిచ్చే అనుమతి మీద. ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటకూడదని రూలు. 40వ రోజున టెన్షన్ తట్టుకోలేక ఏజెంటును పెట్టుకున్నాడు. జీతంలో 20 శాతం ఆయనకి. పనివాళ్ల దగ్గర ఏజెన్సీలు ఫీజు తీసుకోకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లోనే 181వ ఒప్పందంలో రాసింది లెండి. దాన్ని ఇండియా ఆమోదించలేదు, అమెరికా ఆమోదించలేదు. స్నేహమంటే అదీ.

వారం తిరక్కుండా రెజ్యూమె వచ్చింది. వెళ్లేటప్పుడు పేజీన్నర, వచ్చేటప్పుడు తొమ్మిది. 8 ఏళ్ల అనుభవం. వాడికి 24. వేళ్ల మీద లెక్కేస్తే ఇంటర్ మొదటి సంవత్సరం తేలింది. అప్పుడు వాడు విజయవాడలో కాలేజీ హాస్టల్లో ఉన్నాడు. ఫోన్ ఉండనిచ్చేవాళ్లు కాదు. ఆదివారం వార్డెన్ గది ముందు లైన్లో నిలబడి, ‘అమ్మా, ఆవకాయ అయిపోయింది’ అనేలోపు వాడి వంతు అయిపోయేది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక అమెరికా బ్యాంకు డేటా మొత్తం క్లౌడ్‌లోకి ఎక్కించాడట. పెళ్లికైతే వెయ్యి అబద్ధాలకు అనుమతుంది. ఇక్కడ తొమ్మిది పేజీలే కదా, సర్దుకున్నాను.

‘తమ్ముడూ, బాగా చదువుకో. ఇంటర్వ్యూలో నీ గురించే అడుగుతారు’ అన్నాడట ఏజెంటు. పాపం, రాత్రింబవళ్లు తన జీవిత చరిత్రను బట్టీ పడుతున్నాడు. ఎంసెట్‌కి కూడా ఇంత చదవలేదు.

ఇంతలో అక్క ముచ్చటపడి ఆ రెజ్యూమెను సంబంధాల గ్రూపులో పెట్టింది. మర్నాడే ఏలూరు నుంచి అమ్మాయి తండ్రి ఫోను.

‘ఎనిమిదేళ్ల అనుభవం అంటున్నారు, పైగా రెండు డిగ్రీలు. అబ్బాయికి 32 దాటి ఉంటాయి కదండీ?’

‘అయ్యో, 24 అండీ!’

‘అయితే అనుభవం అబద్ధమా?’

అక్క ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి నా వైపు చూసింది. ‘ఏం చెప్పమంటావురా?’

‘ఏజెంటును కాన్ఫరెన్సులో కలుపు’ అన్నాను.