సఖరోవ్ ఆ ఊరి కన్నబిడ్డ కాదు, ఆ ఊళ్ళో బందీ

పది రోజులుగా ఒకటే మెసేజ్. కాలేజీ గ్రూపులో వచ్చింది, సాహిత్యం గ్రూపులో వచ్చింది. నిన్న మా పెద్దమామయ్య కూడా పంపి, "నీ గోర్కీ వాళ్ళ ఊరేరా, చదువు" అన్నారు. "మేధావుల పుట్టిల్లు నీజ్నీ నోవ్‌గొరోద్" అని శీర్షిక, కింద ఐదు పాయింట్లు. చదివాక ఊరుకోబుద్ధి కాలేదు.

ఒకటి, "859 నాటిది, రష్యాలోకెల్లా పాత నగరం." అది వేరే నోవ్‌గొరోద్. ఓకా నది వోల్గాలో కలిసే చోట ఈ ఊరు వెలిసింది 1221లో.

రెండు, "వీధిలో పెరిగిన అనాథకు లెనిన్ గోర్కీ అని పేరు పెట్టాడు." రచయిత గోర్కీ వీధిలో పెరగలేదు. ఆస్త్రఖాన్‌లో తండ్రి కలరాతో పోతే, మూడేళ్ళ పిల్లవాణ్ణి తల్లి పుట్టింటికి తెచ్చుకుంది. తాత కాషిరిన్‌ది రంగుల అద్దకం పని. పండగకి పరిచే తెల్లటి బల్లగుడ్డను ఆ పిల్లవాడు సరదాపడి నీలిరంగులో ముంచితే, తాత స్పృహ తప్పేదాకా కొట్టాడు. ఆ సంగతి గోర్కీయే రాసుకున్నాడు. అసలు పేరు పెష్కోవ్. గోర్కీ అంటే చేదు. 1892లో మొదటి కథ అచ్చయినప్పుడు ఆ పేరు తనే పెట్టుకున్నాడు. లెనిన్‌ను కలిసింది 1905లో.

మూడు, గణిత శాస్త్రవేత్త లొబచేవ్‌స్కీ కొత్త జ్యామితిని "ఈ ఊరి విశ్వవిద్యాలయంలో" కనిపెట్టాడట. 1792లో పుట్టింది ఇక్కడే. చదువూ ఉద్యోగమూ కజాన్‌లో.

ఇవన్నీ పోనీలే అనుకోవచ్చు. నాలుగోది మాత్రం పోనివ్వను. "ఈ నేల కన్న మరో రత్నం ఆంద్రేయ్ సఖరోవ్. ప్రశాంతంగా పరిశోధన చేసుకోమని ప్రభుత్వం ఇక్కడే ఇల్లిచ్చింది."

సోవియట్ భౌతిక శాస్త్రవేత్త, మానవ హక్కుల కోసం ప్రభుత్వాన్ని ఎదిరించిన సఖరోవ్ పుట్టింది మాస్కోలో, 1921లో. అఫ్ఘానిస్తాన్‌లోకి సైన్యాన్ని పంపడం తప్పన్నందుకు 1980 జనవరిలో ఆయన్ని మాస్కో నడివీధిలో పట్టుకుని, విచారణ లేకుండా విమానమెక్కించి ఈ ఊరికి తెచ్చి పడేశారు. అప్పటికి ఊరి పేరు గోర్కీ. ఈ ఊరే ఎందుకు? విదేశీయులకు ప్రవేశం లేని ఊరు గనక. ఏ విలేకరీ వచ్చి కలవలేడు గనక.

ఆ "ఇల్లు" గగారిన్ వీధిలో నేల అంతస్తు ఫ్లాటు. గుమ్మం దగ్గర రాత్రీపగలూ పోలీసు కాపలా. ఫోను లేదు. రాసుకున్న కాగితాలున్న సంచీ ఎత్తుకుపోయారు. నిరాహార దీక్షకు కూర్చుంటే ఆసుపత్రికి ఈడ్చుకెళ్ళి, బలవంతంగా నోట్లో తిండి కుక్కారు. భార్య ఎలెనా బోన్నర్‌కి 1984లో అదే ఊళ్ళో ప్రవాస శిక్ష వేశారు. 1986 డిసెంబర్ 15న హఠాత్తుగా వచ్చి ఫోను బిగించి పోయారు. మర్నాడు అది మోగింది. మాట్లాడింది అప్పటి సోవియట్ నాయకుడు గోర్బచేవ్, ఇక మాస్కోకి రావచ్చని చెప్పడానికి. దాదాపు ఏడేళ్ళు గడిచాక!

దీన్నా "ప్రశాంతంగా పరిశోధన" అనేది? రేపు ఇంకెవరో మండేలాని రాబెన్ ద్వీపం కన్న రత్నం అని రాస్తే దానికీ దండాలు పెట్టి పంపుతారా? 1975 నోబెల్ శాంతి బహుమతి సంగతి రాశారు, బాగుంది. దాన్ని అందుకోవడానికి ఆయన్ని దేశం దాటనివ్వలేదనీ, భార్య వెళ్ళి తీసుకుందనీ ఎందుకు రాయలేదు? జైలరుని ఆతిథ్యమిచ్చినవాడిగా చూపిస్తే, ఆ మనిషి పడ్డ బాధంతా ఎవరికీ తెలియకుండా పోతుంది. నా కోపం అందుకే.

ఐదోది గడియారాలు చేసే కులీబిన్. బాతుగుడ్డంత గడియారం, గంట కొట్టగానే చిన్న తలుపులు తెరుచుకుని లోపల బొమ్మలు నాటకమాడతాయని రాశారు. ఇదీ కట్టుకథేనని తిప్పికొట్టడానికి సిద్ధమయ్యాను. వెతికితే అక్షరాలా నిజం. కులీబిన్ ఈ ఊరివాడే, 1735లో పుట్టాడు. దాన్ని కేథరిన్ మహారాణికి కానుకగా ఇచ్చాడు. ఇప్పటికీ హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. ఇంత చక్కటి సంగతి నాకు ఈ మెసేజ్ వల్లే తెలిసింది, ఒప్పుకుంటున్నాను.

మామయ్యా, కులీబిన్‌ని ఉంచి, నాలుగో పాయింటు దిద్ది మళ్ళీ పంపండి. ఇంతకుముందు ఎవరెవరికి పంపారో వాళ్ళందరికీ.